పెడచెవి

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆవిడకి రెండు పేర్లుండేవి. హాజరు పట్టీలో ఉన్న పేరుతో గుమస్తాగారికి తప్ప ఎవరికీ పని పడేది కాదు. రేపో మాపో బడిపంతుళ్ళు కాబోయే ఇరవయ్యేళ్ళ పిల్లలందరికీ ఆవిడ ‘ఎందుకు మేడం’.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ చెప్పేది మనోవిజ్ఞానం. పాఠశాలల్లో నెల రోజులు పాఠాలు చెప్పి వచ్చిన పిల్లలు క్లాసులో తమ కష్టాలు ఏకరువు పెట్టేవాళ్ళు.

“ఒకడు పక్కవాడి పెన్సిలు విరిచేశాడు మేడం.”

“ఎందుకు?”

“పొగరు మేడం.”

“అది నీ అభిప్రాయం నాయనా. నేనడిగింది కారణం.”

అలా ఇరవై సార్లు అడిగేసరికి, క్యాంటీన్‌లో టీ చల్లారిపోయిందని ఒకరంటే ‘ఎందుకు?’ అని ఇంకొకరు ఆవిడ గొంతుతో అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. వెక్కిరించడానికైనా ఆ మాట నోట్లో నానితే మంచిదేనని నవ్వుకునేది. లెక్కల మాస్టారు మాత్రం స్టాఫ్ రూములో ఊరుకునేవారు కాదు.

“పిల్లాడికి కూడిక రాకపోతే మేం కూడిక నేర్పుతామండీ. మీరు వాళ్ళ తాతగారి సంగతులు అడుగుతారు.”

“తప్పు కూడిక నేర్పింది ఆ తాతగారేనేమో కనుక్కోవాలి కదా మాస్టారూ!”

ఆవిడ మూడో తరగతిలో ఉండగా వరసగా అయిదు రోజులు బడికి వెళ్ళలేదు. ఆరో రోజు భయపడుతూ వెళ్తే, బల్ల మీద బెత్తం ఉన్న మాస్టారు దాని జోలికి పోకుండా “ఎందుకు రాలేదమ్మా?” అని అడిగారు. అమ్మ పనికి పోతుందనీ, చెల్లిని ఎత్తుకోవాలనీ చెప్పింది. “అయితే చెల్లినీ తీసుకురా” అని ఆయన గది మూల చాప పరిచారు. ఆ చాప మీద చెల్లి ఆడుకుంది, ఈవిడ చదువుకుంది. రోజూ పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆ మాస్టారిని కూడా ఒకసారి తలుచుకోవడం ఆవిడకి అలవాటు. పాఠం చెప్పడం వచ్చినంత మాత్రాన గురువు కాలేరనీ, ఎదురుగా కూర్చున్న పసివాడి మనసులో ఏముందో అడిగి తెలుసుకోవాలనీ ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్నే జీవితమంతా బోధించింది. అందుకే, తర్వాత జరిగిన దానికి ఆవిడ అంతగా సిగ్గుపడాల్సి వచ్చింది.

శిక్షణ పొందే ప్రతివాళ్ళూ ఒక పిల్లనో పిల్లవాడినో నెల రోజులు గమనించి ‘కేస్ స్టడీ’ రికార్డు రాయాలి. కుటుంబం, ఆరోగ్యం, క్లాసులో ప్రవర్తన, స్నేహితులు, ఇంటికి వెళ్ళి చూసిన సంగతులు, సమస్యకి కారణాలు, పరిష్కారాలు – అన్నీ అందులో ఉండాలి. పిల్లల అసలు పేరు రాయకూడదు. ఆవిడ తన ఇరవై ఒకటో ఏట, ఇదే కళాశాలలో చదువుకుంటూ, తొమ్మిదేళ్ళ అమ్మాయి మీద అలాంటి రికార్డు రాసింది. అందులో ఆ అమ్మాయి పేరు ‘కుమారి క’. చివరి పేజీలో పరీక్షాధికారి ఎర్ర సిరాతో ‘అత్యుత్తమం. భావి ఉపాధ్యాయులకు నమూనా’ అని రాశారు. కొన్నేళ్ళు బడుల్లో పనిచేసి ఆవిడ ఇక్కడికే లెక్చరరుగా వచ్చేసరికి ఆ రికార్డు లైబ్రరీలో నిజంగానే నమూనాగా కూర్చుని ఉంది. అట్టా, పేరున్న మొదటి ఆకూ అప్పటికే ఊడిపోయాయి. ఏటా దాన్ని క్లాసుకి తెచ్చి “పాత విద్యార్థిని ఒకావిడ రాసింది, చూడండి” అనేది. ఆ ఒకావిడ ఎవరో అందరికీ తెలుసు. వాళ్ళకి తెలుసని ఆవిడకీ తెలుసు. ఆ మాత్రం ముచ్చట ఎవరికుండదు?

పిల్లలు దాన్ని చూసి వదిలితే బాగుండేది. కాపీ కొట్టేవాళ్ళు. కుమారి క కాస్తా చిరంజీవి చ అయ్యేది, తొమ్మిదేళ్ళు పదేళ్ళయ్యేవి, అమ్మాయి అబ్బాయి అయ్యేది. దొరికినవాళ్ళని ఆవిడ తిట్టేది, దొరకనివాళ్ళు ఏటా ఎనిమిది పదిమంది ఉండేవాళ్ళు.

ఆ ఏడాది శిక్షణ కళాశాలలన్నిటికీ కలిపి ఒక కరదీపిక అచ్చు వేస్తున్నారు. అందులో ఒకే ఒక్క కేస్ స్టడీ నమూనా ఉంటుంది. ప్రిన్సిపాల్‌గారు ఆవిడని గదికి పిలిచి, “మేడంగారూ, మీదే ఎంపిక చేశారు. శనివారానికల్లా పంపాలి. కాస్త కుట్టించి, అట్ట వేయించి ఇవ్వండి” అన్నారు. కాలు నేల మీద నిలవలేదు ఆవిడకి. మామూలుగా అయితే బైండింగ్ పనులు ప్యూన్ చూసుకుంటాడు. ఈసారి ఆవిడే రికార్డుని పమిటలో పెట్టుకుని వెనక గేటు దాటి వెళ్ళింది.

వెనక సందులో బైండింగ్ కొట్టు నడిపే ముప్పై అయిదేళ్ళ మనిషిని అందరూ అట్టలమ్మ అంటారు. మామగారి దగ్గర పని నేర్చుకుని, ఆయన పోయాక పన్నెండేళ్ళుగా తనే నడుపుతోంది. కళాశాల రికార్డులన్నీ ఆమె దబ్బనం కిందికి రావాల్సిందే. చిరిగిన పుస్తకం తెచ్చిన బడిపిల్లలకి ఉత్తినే రెండు కుట్లు వేసి పంపే మనిషి. ఎవరు మాట్లాడినా తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు పైకెత్తి శ్రద్ధగా వింటుంది. “వినడమంటే అలా వినాలి, వెళ్ళి ఆ అట్టలమ్మని చూసి నేర్చుకోండి” అని ఎందుకు మేడం ఎన్నోసార్లు క్లాసులో చెప్పింది.

“మీరే వచ్చారేంటి మేడం! ప్యూన్‌గారికి ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉన్నాడమ్మా. ఇది అతని చేతికిచ్చేది కాదు, పుస్తకంలో అచ్చు వేస్తారట. జాగ్రత్త.”

అట్టలమ్మ చేతులకున్న జిగురు గుడ్డకి తుడుచుకుని రికార్డు అందుకుంది. రెండు ఆకులు తిప్పింది. మూడో ఆకు దగ్గర ఆమె మొహం విప్పారింది.

“అమ్మో! ఇదేనా అసలుది? ఏటా దీని పిల్లల్ని కుడుతున్నాను, తల్లిని ఇవాళ చూశాను మేడం!”

“నువ్వు చదువుతావా వీటిని?”

“చదవడం సరిగ్గా వచ్చిందే ఈ బల్ల మీద. కుడుతూ కుడుతూ ఓ కన్నేసేదాన్ని. మొదటి ఏడాదే పట్టేశాను.” ఆమె గొంతు తగ్గించి, గొప్ప రహస్యం చెబుతున్నట్టు ముందుకి వంగింది. “ఈ కుమారి క నేనే మేడం.”

ఎందుకు మేడం బల్ల అంచు పట్టుకుంది.

“తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. చెంప మీద పుట్టుమచ్చ. రంగు సుద్దముక్కలు జేబులో దాస్తుంది. ఇంకెవరు? ఇంట్లో చెప్తే మా ఆయన ‘నీ మీద పుస్తకాలు కూడా రాశారా మహారాణీ’ అని ఒకటే నవ్వడం. పచ్చ గొడుగు టీచరమ్మ రాసింది. పేరు తెలీదు, నెల రోజులే ఉంది మా బడిలో. ఎండలో నడుస్తుంటే నన్ను గొడుగులోకి లాక్కునేది. ఎంత మంచిదో!”

ఆవిడ చూపు రికార్డు మీదికి దిగింది.

“కాపీ కొట్టిన వెధవలు మాత్రం ఓ ముక్క తప్పు కలిపారు మేడం. అందరూ అదే రాస్తారు, ఇంటికెళ్తే తల్లి మొహం చాటేసిందని. అసలుదాంట్లో అది ఉండదు. ఆవిడలా రాయదు. ఎప్పటికైనా అసలుది చూడాలని నా కోరిక. ఉండండి.”

ఆమె వేలు తడుపుకుని ఆకులు తిప్పింది. చివరి కట్ట మొదటి ఆకు దగ్గర ఆగింది. పెదాలు కదుపుతూ, వేలు వెంట చదివింది.

‘గృహ సందర్శన: తల్లి మాట్లాడటానికి ఇష్టపడలేదు. కూర్చోమని కూడా అనలేదు. పిల్ల చదువు పట్ల ఆమెకు శ్రద్ధ లేదని స్పష్టమయింది.’

అట్టలమ్మ ఆ మూడు వాక్యాలూ మళ్ళీ మొదటినుంచి చదివింది, తాను తప్పు చదివానేమో అన్నట్టు.

“ఇందులోనూ ఉందే” అంది మెల్లగా. “ఆవిడ అసలు రాలేదు మేడం. వస్తానని నాతో కబురు పెట్టింది. అమ్మ ఆ రోజు ఒక పూట సెలవు పెట్టింది. టీచరమ్మ వస్తే కింద కూర్చోబెడతామా అని పక్కింట్లో కుర్చీ అడిగి తెచ్చింది. నేను గుమ్మంలో నుంచున్నాను. చీకటి పడుతోందని పక్కింటావిడ కుర్చీ తీసుకుపోయింది.”

“నీ... నీ గురించి ఏం చెప్పాలనుకుంది అమ్మ?”

అట్టలమ్మ తల వాల్చి చూసింది. “ఏమన్నారు? ఇటు పక్కకి రండి మేడం. ఈ ఎడమ చెవి పనిచెయ్యదు నాకు. చిన్నప్పుడు చీము కారి కారి పోయింది. అదే చెప్పాలనుకుంది అమ్మ. ముందు బెంచీలో, కుడి చెవి టీచరువైపు ఉండేలా కూర్చోబెట్టమని.”

ఆవిడకి ఆ రికార్డులోని అయిదో పేజీ అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఏటా క్లాసులో పైకి చదివే పేజీయే కదా. ‘ఉపాధ్యాయురాలి మాటలను పెడచెవిన పెడుతుంది. తల ఒక పక్కకు వాల్చి వింటున్నట్టు నటిస్తుంది.’ చూసింది అంతా సరిగ్గానే చూసింది. చూసినదంతా కాగితం మీద పెట్టింది. ఎందుకని మాత్రం అడగలేదు.

అట్టలమ్మ కూడా ఆ పేజీ తలుచుకుందేమో, నవ్వబోయింది. “పెడచెవి అన్నమాట మాత్రం నిజమే రాసింది పాపం. ఉన్న రెండింట్లో ఒకటి పెడచెవేగా! దీని మీద సంతకం పెట్టేటప్పుడు మా పెద్ద టీచరు చదివి నన్ను వెనక బెంచీలో గోడ పక్కన పడేసింది. మంచి చెవి గోడకి, చెడ్డ చెవి పాఠానికి. అయిదులో రెండుసార్లు పోయాక అమ్మే మాన్పించేసింది.”

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ‘ఆ గొడుగు నాదేనమ్మా’ అని నాలుగు మాటలు. “శుక్రవారానికి... కుట్టేసి ఉంచమ్మా” అని మాత్రం అని, ఎవరో తరుముతున్నట్టు సందు దాటి వచ్చేసింది.

కాలేజీ నడవాలో ఆవిడ బ్యాచ్ ఫొటో గోడకి వేలాడుతూ ఉంటుంది. రోజూ దాని ముందు నుంచే వెళ్తుంది కానీ చూడదు. ఆ రోజు ఆగి చూసింది. రెండో వరసలో ఎడమ నుంచి నాలుగో అమ్మాయి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చీర, బురద చుక్క లేదు. ఎందుకుంటుంది? ఇంటికి వస్తానన్న రోజు సాయంత్రమే ఆ ఫొటో. ఆసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికిన నీళ్ళు పారే సందు మొదట్లో పావుగంట నుంచుని, అంచు బురదవుతుందని, స్నేహితురాలు ‘పద పద, ఫొటోగ్రాఫర్ వచ్చేశాడు’ అంటే వెనక్కి తిరిగింది. మర్నాడు వెళ్దామనుకుంది. మర్నాడు రికార్డు ఇవ్వాల్సిన రోజు. తక్కిన పదిహేను ఆకులూ నిజమే కదా, ఒక్క ఆకు తోచినట్టు రాస్తే ఏమవుతుందనుకుంది. ఆ పిల్ల అమ్మ ఎలా ఉంటుందో కూడా చూడకుండా, పుస్తకాల్లో ఉండే అశ్రద్ధ గల తల్లిని తీసుకొచ్చి ఆ గుమ్మంలో నిలబెట్టింది.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో ఆ సాయంత్రం ఆరేసిన బట్టలు మడత పెడుతూ భర్తతో అంతా చెప్పింది. ఆయన బస్సు డిపోలో వేళలు నమోదు చేసే ఉద్యోగి. నెమ్మదైన మనిషి. సగం మడతలు ఆయనే పెడతాడు.

“వదిలెయ్యవోయ్. ఇరవయ్యారేళ్ళు ఆలస్యమైన బస్సుని నేనైతే రిజిస్టరులో రద్దయిందని రాసేసి ఊరుకుంటాను.”

“రద్దయిందనైనా రాయాలి కదండీ. నేను వచ్చిందని రాశాను.”

ఆయన చేతిలో చొక్కా అలాగే ఆగిపోయింది. ఆవిడ మడత పెట్టాల్సినవి కూడా తనవైపు లాక్కున్నాడు.

మర్నాడు క్లాసులో రికార్డులు తీసుకునే రోజు. ముందు బెంచీ అమ్మాయి రికార్డు తెరిస్తే తల్లి ఇక్కడా మొహం చాటేసే ఉంది.

“వీళ్ళింటికి వెళ్ళావా?”

“వెళ్ళాను మేడం. ఆవిడ సరిగ్గా మాట్లాడలేదు.”

“వాళ్ళ తలుపు ఏ రంగు?”

ఆ అమ్మాయి నీళ్ళు నమిలింది. తర్వాత ఆ వయసుకి ఉండే తెగువతో, “నమూనా రికార్డులో కూడా తలుపు రంగు రాయలేదు కదా మేడం” అంది. క్లాసంతా కిసుక్కుమంది. మామూలుగా అయితే ఆ రికార్డు కిటికీలోంచి బయటికి వెళ్ళేది. ఆవిడ దాన్ని మెల్లగా మూసి, “అవునమ్మా, రాయలేదు” అని కూర్చుండిపోయింది. మేడంకి ఒంట్లో బాగోలేదనుకుని ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. ఆ దయకి కూడా తాను తగననిపించింది.

శుక్రవారం పొద్దున దేవుడి ముందు చాలాసేపు కూర్చుంది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. తప్పు చేసింది దేవుడి దగ్గర కాదు. ‘ధైర్యం ఇవ్వు’ అని మాత్రం అడిగింది.

ఆవిడ వెళ్ళేసరికి కొట్టులో ఇంకో ఇద్దరున్నారు. డైరీకి అట్ట వేయించుకోవడానికి వచ్చిన ఆసుపత్రి గుమస్తా ఒకాయన, తన దైవగ్రంథం కుట్టించుకోవడానికి వచ్చిన ముసలాయన ఒకరు. అట్టలమ్మ వంగి రికార్డు వీపుకి జిగురు రాస్తోంది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగితే ధైర్యం తనకంటే ముందు వెళ్ళిపోతుందని ఆవిడకి తెలుసు. అట్టలమ్మ భుజం దగ్గరికి వంగి, గొంతు తగ్గించి గబగబా చెప్పేసింది.

“ఆ పచ్చ గొడుగు నాదే. ఆ రోజు రానిది నేనే. అబద్ధం రాసిందీ నేనే.”

అట్టలమ్మ జిగురు రాస్తూనే ఉంది. మాట్లాడటం ఇష్టం లేదేమో అనుకుంది ఆవిడ ఒక్క క్షణం. అప్పుడు తెలిసింది, తాను నిలబడింది ఎడమ పక్కన.

“అమ్మా!” అన్నాడు ముసలాయన, అట్టలమ్మ మోచెయ్యి తట్టి. “ఆవిడేదో చెబుతున్నారు నీకు.”

“అయ్యో, చూళ్ళేదు మేడం! ఏమన్నారు?” అని ఆమె తల వాల్చింది.

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చింది. ఈసారి గట్టిగా చెప్పాలి. గుమస్తా వింటాడు, ముసలాయన వింటాడు. మొదటిసారి చెవిలో వేసి తప్పించుకోబోయిన మాటలన్నీ రెండోసారి పదిమందిలో పెట్టాల్సి వచ్చింది. చెప్పింది. సందు మొదట్లో నుంచున్నదీ, బురదా, తెల్ల చీరా, ఫొటో కూడా దాచకుండా చెప్పింది.

అట్టలమ్మ కుంచె గిన్నెలో పెట్టేసింది.

“అంతేనా?” అంది.

“అంతేనమ్మా.”

“నేను ఏమేమో అనుకున్నాను మేడం, ఇన్నేళ్ళూ. మా ఇల్లు దొరకలేదేమో, ఎవరైనా అడ్డం చెప్పారేమో. అమ్మయితే మీకు ఒంట్లో బాగోలేదేమో అనుకుంది. అంత మంచి పిల్ల మాట తప్పదంది. మీకు నయం కావాలని దేవుడికి మొక్కుకుంది.” ఆమె కళ్ళు తుడుచుకుంది. చేతికున్న జిగురు చెంపకి అంటింది. “ఫొటో కోసమా!”

అంతకంటే కోప్పడి ఉంటే ఆవిడకి తేలికగా ఉండేది. గుమస్తా తన డైరీ వైపే చూస్తూ కూర్చున్నాడు. ముసలాయన మాత్రం లేచి, తాను కూర్చున్న స్టూలు ఆవిడవైపు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

“ఆ ఆకు తీసెయ్యమ్మా. చింపెయ్. ఇంక ఎవరూ చదవకూడదు.”

అట్టలమ్మ కట్ట విప్పి చూపించింది. “ఇది తీస్తే దీని జతాకు కూడా ఊడొస్తుంది మేడం. కట్టలో మొదటి ఆకూ చివరి ఆకూ ఒకటే కాగితం, మధ్యకి మడిచి కుడతారు.” చివరి ఆకు తిప్పింది. ఎర్ర సిరా. ‘అత్యుత్తమం. భావి ఉపాధ్యాయులకు నమూనా.’

ఎందుకు మేడం ఆ రెండు ఆకులూ కలిసే మడత వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ మెచ్చుకోలు ఆ అబద్ధంతో కలిసే ఉంది, ఒకే కాగితమై.

“రెండూ తీసెయ్.”

“వద్దు” అంది అట్టలమ్మ. ఆ మాటలో మొదటిసారి కాస్త కరుకుదనం వినిపించింది. “తీసేస్తే మీరు తప్పు చెయ్యలేదన్నట్టే కదా. మా అమ్మ కుర్చీ వేసింది కూడా ఎక్కడా ఉండదు. ఇదిలాగే ఉండనీయండి. పక్కన ఇంకో ఆకు అతికిస్తాను. మీరు రాయండి. చదివేవాళ్ళు రెండూ చదువుకుంటారు.”

బల్ల మీద కత్తిరింపులన్నీ పక్కకి తోసి ఆమె చోటు చేసింది. ఆవిడ రాసింది. ‘గృహ సందర్శన జరగలేదు. నేను వెళ్ళలేదు. తల్లి సెలవు పెట్టి, పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి ఎదురుచూశారు. పిల్లకి ఎడమ చెవి వినబడదని చెప్పాలనుకున్నారు. పిల్ల తల వాల్చింది వినడానికే.’ ‘ఆసుపత్రిలో పని’ అని రాయబోతే “ఆసుపత్రిలో పని అంటే సరిపోదు, దుప్పట్లు అని రాయండి. రోజుకి నూట ఇరవై ఉతికేది” అంది అట్టలమ్మ. అది కూడా రాసింది.

“అమ్మని చూడటానికి రావచ్చా?”

“రండి. రెండు దాటాక మెలకువగా ఉంటుంది. పచ్చ గొడుగు టీచరమ్మ వస్తోందని మాత్రం చెప్తాను. తక్కినది నేను చెప్పను మేడం. మీరే చెప్పుకోండి.”

శనివారం ప్రిన్సిపాల్‌గారు కొత్త అట్ట చూసి మురిసి, లోపలి ఆకు చదివి కళ్ళజోడు తీసేశారు.

“మేడంగారూ, నమూనా అంటే తప్పుల్లేనిది కదండీ. ఇది పంపితే నలుగురూ నవ్వరూ?”

“నవ్వనివ్వండి సార్. పంపితే ఇలాగే పంపండి, లేకపోతే మానెయ్యండి.”

ఆయన సాయంత్రందాకా నలిగి, చివరికి ఇంకో లెక్చరరు దగ్గర వేరే రికార్డు తీసుకుని పంపారు. మనసు కష్టపెట్టుకోవద్దని ఆయన రెండుసార్లు చెప్పారు. ఆవిడ కష్టపడలేదనలేం. ఒక రోజంతా పడింది. క్లాసులో రెండు ఆకులూ ఒకదాని తర్వాత ఒకటి పైకి చదివింది. ఆ రోజు ఎవరూ కిసుక్కుమనలేదు. మర్నాడు తొమ్మిదిమంది వచ్చి తమ రికార్డులు వెనక్కి తీసుకున్నారు. తలుపు రంగు సంగతి అన్న అమ్మాయి ఆ సాయంత్రమే ఏదో వీధిలోకి వెళ్తూ కనిపించింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం రెండు దాటాక ఆవిడ ఆసుపత్రి వెనక సందులోకి నడిచింది. సందు ఇప్పుడు సిమెంటు చేశారు, బురద లేదు. బురద ఉంటే బాగుండుననిపించింది. తలుపు నీలం రంగు. లోపల పొట్టిగా, చేతులు ముడతలు పడిన ముసలావిడ ఒక ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడుస్తోంది. పక్కన అట్టలమ్మ గోడకానుకుని నుంచుంది. ముసలావిడ తలెత్తి, ఆవిడని నఖశిఖపర్యంతం చూసింది.

“నువ్వేనా అమ్మా? ఒంట్లో బాగుందా ఇప్పుడు?”

‘బాగుందమ్మా’ అంటే సరిపోతుంది. ముసలి ప్రాణం తృప్తిపడుతుంది. అట్టలమ్మ తల వాల్చి, కుడి చెవి ఇటు పెట్టి వింటోంది.

“అప్పుడు కూడా బాగానే ఉందమ్మా” అంది ఎందుకు మేడం. “నేనే రాలేదు.”

ముసలావిడ చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. కుర్చీ వీపు మీది చెయ్యి తియ్యలేదు.

“సరే” అంది చివరికి. “ముందు కూర్చో.”